ఒంటిచేత్తో వాట్స్ టవర్స్ కట్టిన రోడియా

మావా,

ఎలా ఉన్నావురా? ఫోన్లో చెప్దామనుకున్నా గానీ నువ్వు సైట్లో ఉంటే సగం వింటావ్, సగం కాంక్రీట్ లారీ వాడితో మాట్లాడతావ్, అందుకే తీరిగ్గా రాస్తున్నా. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ టవర్స్ అని ఇనుము, సిమెంట్‌తో కట్టిన పొడుగాటి గోపురాలు ఉన్నాయి కదా, అవి కట్టినాయన గురించి ఈ మధ్య వదలకుండా చదువుతున్నా. సివిల్ ఇంజనీరువి, నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను.

ఆయన పేరు సబాటో రోడియా. అమెరికాలో సైమన్ అన్నారు, ఇరుగుపొరుగు శామ్ అనేవాళ్ళు. 1879లో దక్షిణ ఇటలీలో రిబొట్టోలి అనే పల్లెటూళ్ళో పుట్టాడు. పదిహేనేళ్ళు వచ్చాయో లేదో, పెన్సిల్వేనియా బొగ్గు గనుల దగ్గర తేలాడు, అన్నయ్య కూడా అక్కడే. ఆ అన్నయ్య గని ప్రమాదంలో పోయాడు. భాష రాదు, చదువు లేదు, ఆ వయసులో పరాయి దేశంలో ఉన్న ఒక్క తోడూ పోతే ఎలా ఉంటుందో ఆలోచించు. తర్వాత పడమటి వైపు వెళ్ళిపోయాడు, రాళ్ళ క్వారీలు, రైల్వే పనులు, సిమెంట్ పని, టైల్స్ వేయడం, ఏది దొరికితే అది. మధ్యలో పెళ్ళి, ముగ్గురు పిల్లలు, విడాకులు.

1921లో లాస్ ఏంజెలెస్‌లోనే వాట్స్ అనే పేటలో రైలు పట్టాల పక్కన ఓ మూడు మూలల స్థలం కొన్నాడు. అప్పటికి నలభై దాటాయి. పగలంతా కూలికెళ్ళి, సాయంత్రాలూ సెలవు రోజులూ ఇంటి దగ్గర ఈ టవర్ల పని, అలా 33 ఏళ్ళు! ప్లాన్ లేదు, డ్రాయింగ్ లేదు, హెల్పర్ లేడు. మనిషి అయిదడుగులు కూడా ఉండడు, పెద్ద టవరేమో దాదాపు 100 అడుగులు.

ఇప్పుడు నీకు నచ్చే సంగతి. వెల్డింగ్ లేదు, బోల్టుల్లేవు, రివెట్లు కూడా లేవు. ఇనప కడ్డీలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పెట్టి, మన పందిరి గుంజలకి తాడు బిగించినట్టు తీగ చుట్టేసి, పైన వైర్ మెష్ కప్పి, చేత్తో సిమెంట్ మోర్టార్ మెత్తడం, అది ఆరకముందే గాజు పెంకులు, గవ్వలు, పగిలిన టైల్స్ గుచ్చడం, అంతే. కడ్డీ వంచాలంటే పక్కనున్న రైలు పట్టా కింద దూర్చి ఒంటి బలంతో వంచేవాడు. పరంజా కూడా కట్టలేదురా, కిటికీలు తుడిచేవాళ్ళ బెల్టు పెట్టుకుని, బకెట్ పట్టుకుని, తను కట్టిన రింగుల మీదే మెట్లెక్కినట్టు ఎక్కిపోయేవాడు.

ఫొటోలు జూమ్ చేసి చూడు. ఆకుపచ్చవి సెవెనప్ సీసా ముక్కలు, ముదురు నీలం మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అనే మందు సీసాలవి. గోడ మీద ఒకచోట సుత్తి లాంటి తన పనిముట్లు పచ్చి సిమెంట్‌లో అద్ది తీసిన అచ్చులున్నాయి, వాటితో పాటు తన పేరులో మొదటి అక్షరాలు, 1921 అని సంవత్సరం. సంతకం పెట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచలేదు, మేస్త్రీకి తన పనిముట్టే కదరా అసలు పేరు.

ఆయన ప్రాంతానికి దగ్గర్లో నోలా అనే ఊళ్ళో ఏటా పొడుగాటి చెక్క గోపురాలు భుజాల మీద మోస్తూ ఊరేగిస్తారు, చిన్నప్పుడు చూసిన ఆ ఉత్సవమే మనసులో ఉండిపోయిందని చాలామంది అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. ఆయన మాత్రం ఏదో పెద్ద పని చెయ్యాలనుకున్నా, చేశా అనేవాడు, అంతే.

1950ల మధ్యలో, 75 దాటాక, ఆ స్థలం పక్కింటాయనకి ఊరికే ఇచ్చేసి కాలిఫోర్నియాలోనే మార్టినెజ్ అనే ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ వెనక్కి రాలేదు. ఇది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయా మావా.

తర్వాత ఆ స్థలంలో ఉన్న ఆయన ఇల్లు కాలిపోయింది, సిటీ వాళ్ళు టవర్లు ప్రమాదకరం, కూల్చెయ్యాలి అన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు 3,000 డాలర్లకి ఆ స్థలం కొని అడ్డం పడ్డారు, బడ్ గోల్డ్‌స్టోన్ అనే ఇంజనీరు లోడ్ టెస్ట్ పెట్టండి, అంటే ఎంత బలానికి ఆగుతాయో లాగి చూడండి, పడిపోతే కూల్చుకోండి అన్నాడు. 1959 అక్టోబరులో జనం చూస్తుండగా పెద్ద టవర్‌కి కేబుల్ కట్టి పక్కకి లాగారు, 10,000 పౌండ్లు, అంటే నాలుగున్నర టన్నులు! టవర్ చెక్కుచెదరలేదు, లాగే పరికరమే వంగిపోయింది. నాకైతే విజిల్ వెయ్యాలనిపించింది. కాగితం మీద ఒక్క గీత గీయని కూలీ లెక్క అది!

1961లో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు పిలిస్తే రోడియా వెళ్ళాడు, హాలంతా చప్పట్లు కొట్టింది, ఆ మర్యాద బతికుండగానే దక్కినందుకు చాలా సంతోషం నాకు. 1965 జులైలో పోయాడు, 86 ఏళ్ళు. తర్వాతి నెలే వాట్స్‌లో పెద్ద అల్లర్లు జరిగి బోలెడు బిల్డింగులు తగలబడ్డాయి, టవర్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 1990లో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్ చేశారు.

ఇప్పుడు సమస్య తుప్పు. లోపలి ఇనుము ఉబ్బి పైన మోర్టార్ పగుళ్ళిస్తోంది, ఎండకీ చలికీ టవర్ కదిలినప్పుడల్లా పాత పగులు మళ్ళీ తెరుచుకుంటోందట, రిపేర్ వాళ్ళకి ఎప్పుడూ పనే. ఇనుము మీద మోర్టార్ పొర అంత పల్చగా ఉన్నప్పుడు పగుళ్ళలో ఏం నింపితే నిలుస్తుంది? నీ బ్రిడ్జి రిపేర్లలో ఏం వాడతారో వివరంగా రాయి, ఫోన్లో వద్దు.

ఉంటా మరి, పిన్నిని అడిగానని చెప్పు.