ఊకకుప్పలో ఆగిన పద్మిని

హన్మకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

ఫోన్‌లో "బండి బాగయింది" అని మాత్రమే చెప్పాను. పక్కన అమ్మ ఉంది, మిగతాది మింగేశాను. అసలు సంగతి ఇది.

పోయిన నెల మీ మామ రైసు మిల్లులో, వడ్లు ఆరబోసే గచ్చు మీద, పెట్రోలు ఇంజిన్ తీసి బ్యాటరీ మోటారు పెట్టుకున్న మన పాత పద్మిని కారును తిప్పుతున్నాను. (ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కేదాకా రోడ్డు మీదికి తీయనని నీకిచ్చిన మాట తప్పలేదు.) రెండో గేరులో పెట్టి తాళం తిప్పాను. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనే లేదు, బండి పలుపు తెంపుకున్న ఎద్దులా ఉరికింది. తాళం తీసేశాను, ఆగలేదు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, ఏం ఆపుతాయి? క్లచ్ మీదికి కాలు లేచింది గానీ ఆపుకున్నాను. క్లచ్ తొక్కితే మోటారు మీద లోడు పోతుంది. ఇలాంటి సిరీస్ మోటారుకు లోడు తీసేస్తే వేగానికి హద్దుండదు, లోపల తిరిగే ఆర్మేచర్ తీగచుట్లు లేచిపోతాయి. కాజీపేట లోకోషెడ్డులో ముప్పై ఏళ్లు కుర్రాళ్లకు నేను చెప్పిన పాఠమే అది. చివరికి బానెట్ దాకా ఊకకుప్పలోకి దూరి ఆగింది. చక్రాలు నిలిచాక కరెంటు పెరిగి ఫ్యూజు ఎగిరింది. నాకేం కాలేదు. చెవుల్లోంచి ఊక మాత్రం రెండ్రోజులు వచ్చింది.

విప్పి చూస్తే, మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే డబ్బా, కంట్రోలర్, పోయింది. మా పాత రైలు ఇంజిన్లలో వోల్టేజీని మెట్టు మెట్టుగా మార్చే ట్యాప్ చేంజర్ పనిని ఇందులో మాస్‌ఫెట్లనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు చేస్తాయి, కరెంటును సెకనుకు వేలసార్లు ఇస్తూ ఆపుతూ. అవి పోయినప్పుడు తరచుగా షార్టయి పోతాయి. అంటే బ్యాటరీ మొత్తం నేరుగా మోటారు మీద పడుతుంది. మరి తాళం తీసినా ఎందుకు ఆగలేదు? కంట్రోలర్ లోపల కరెంటును కాస్త దాచుకునే కెపాసిటర్లను ముందుగా మెల్లగా నింపే రెసిస్టర్ వైరు ఎప్పుడో ఊడిపోయి ఉంది. అది లేక, తాళం తిప్పిన ప్రతిసారీ 96 వోల్టులూ ఖాళీ కెపాసిటర్ల మీద ఒక్కసారే పడి, తాళం తిప్పితే బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్చు, కాంటాక్టర్, మొనలు కాలుతూ వచ్చాయి. ఆ రోజు పారిన కరెంటుకు పూర్తిగా అతుక్కుపోయాయి.

"చేతికందేలా ఒక స్విచ్చు పెట్టు బాపూ, తాళాన్ని నమ్మకు" అని నువ్వు రెండుసార్లు అన్నావు. తాత బండి డ్యాష్‌బోర్డుకు కన్నం పెట్టబుద్ధి కాక వాయిదా వేశాను. షెడ్డులో ఇంకెవరైనా ఇలా చేస్తే ఊరుకునేవాణ్ణా?

కొత్త కంట్రోలర్ బిగించడానికి మూడు ఆదివారాలు పట్టింది. ముందు బ్యాటరీ సెల్స్ మధ్య లింకు విప్పాను. తర్వాత లోపల కరెంటు మిగిలిందేమోనని పాత కంట్రోలర్ కొనలకు 100 వాట్ల పాత బల్బు తగిలించాను. వెలగలేదు. చచ్చినదానిలో ఏం మిగులుతుంది? అయినా చూడకుండా చెయ్యి పెట్టను. కొత్త డబ్బా రెండు వేళ్లు పొడుగు, కాబట్టి దాని వేడిని లాగే అల్యూమినియం పలకకు కొత్త కన్నాలు వేసి, ఆకురాయితో చదును చేసి, థర్మల్ పేస్టు పలచగా పూశాను. గోడకు సున్నం వేసినట్టు దట్టంగా పూస్తే వేడి దాటదు. రెసిస్టర్ వైరుకు ఈసారి లగ్గు వేసి నట్టు బిగించాను. మొదట 12 వోల్టుల బ్యాటరీతో మోటారును విడిగా తిప్పి చూశాను, బాగానే ఉంది. తర్వాత అసలు కనెక్షన్ ఇచ్చి తాళం తిప్పితే మీటరు మెల్లగా ఎక్కి, 95 వోల్టులు దాటాక కాంటాక్టర్ టక్కుమంది. ఆ చప్పుడు కోసం ఎంత టెన్షన్ పడ్డానో! ఇంకో మంచి గుణం, పెడల్ తొక్కి ఉండగా తాళం తిప్పితే ఇది బండిని కదలనివ్వదు.

షెడ్డులోని కొత్త త్రీఫేజు ఇంజిన్లు బ్రేకు వేస్తే తీగకు కరెంటు తిరిగిస్తాయి. మన పద్మిని తీసుకోవడమే గానీ ఇవ్వదు, కొత్త కంట్రోలర్‌తోనూ అదే తంతు.

డ్యాష్‌బోర్డుకు కన్నం పెట్టాను. ఎర్ర స్విచ్చు స్టీరింగ్ పక్కనే ఉంది, నొక్కితే బ్యాటరీయే తెగుతుంది. ఇవాళ గచ్చు మీద ఇరవై చుట్లు తిప్పి పలక ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

కదిలేటప్పుడు మాత్రం చిన్న కుదుపు ఉంది. అది ల్యాప్‌టాప్ పెట్టి సరిచేసే పని, నా వల్ల కాదు. బతుకమ్మకు వచ్చినప్పుడు నువ్వే చూడు. ఊకకుప్ప సంగతి మామ అమ్మకు ఎలాగూ చెప్పేస్తాడు. అప్పటిదాకా నువ్వు తెలియనట్టే ఉండు.

నీ బాపు