స్కీన్స్ ఒక్కడే ఎన్నాళ్లు మోస్తాడు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు పిచర్ పాల్ స్కీన్స్‌కు ఈ వారం, 2025 నవంబరులో, నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) సై యంగ్ అవార్డు వచ్చింది. ఏడాది మొత్తం మీద లీగ్‌లో అందరికన్నా బాగా బంతి వేసిన పిచర్‌కు ఇచ్చే అవార్డు అది. ఓటు వేసిన 30 మంది రచయితలూ అతని పేరే మొదటి స్థానంలో రాశారు. కుర్రాడికి 23 ఏళ్లు. పెన్‌హిల్స్ వెంకన్న గుడి పుణ్యమా అని పిట్స్‌బర్గ్ పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆ ఊళ్లో ఉంటూ, ఈ జట్టునే నమ్ముకుని ఉన్న అభిమానిగా నాకు ఈ అవార్డు ఎంత సంతోషం ఇచ్చిందో, జట్టు తీరు అంత కడుపుమంట తెప్పిస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

స్కీన్స్ ఈ సీజన్‌లో 32 మ్యాచ్‌లకు మొదటి పిచర్‌గా దిగాడు. ఈఆర్‌ఏ 1.97. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదన్నమాట. 216 స్ట్రైకౌట్లు తీశాడు, అంటే అంతమంది బ్యాటర్లను మూడేసి స్ట్రైక్‌లతో ఔట్ చేశాడు. ఇంత చేస్తే అతని ఖాతాలో పడింది 10 గెలుపులు, 10 ఓటములు. బేస్‌బాల్ తెలియనివాళ్లకు ఇది అర్థం కావాలంటే మే 18న ఫిలడెల్ఫియాలో జరిగిన మ్యాచ్ గురించి చెప్పాలి. ఆ రోజు ఎనిమిది ఇన్నింగ్స్ అతనొక్కడే వేశాడు. అవతలివాళ్లకు దొరికినవి మూడు హిట్లు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం), ఒక్క పరుగు. తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు. కెరీర్‌లో ఒక మ్యాచ్ మొత్తం తనే వేయడం అదే మొదటిసారి. సొంత మైదానంలో ఆధిక్యంలో ఉన్న జట్టు తొమ్మిదో ఇన్నింగ్స్ బ్యాటింగ్ చేయక్కర్లేదు కాబట్టి ఎనిమిదితోనే అతని పని అయిపోయింది. మావాళ్లు ఒక్క పరుగూ తీయలేదు. 1-0తో ఓడిపోయాం. ఆ ఓటమి స్కీన్స్ పేరు మీదే రాసుకున్నారు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఆ ఒక్క రోజే అలా జరిగిందని సరిపెట్టుకోవడానికీ లేదు. మొత్తం సీజన్‌లో పైరేట్స్ తీసిన పరుగులు 583. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో అదే అట్టడుగు. క్రికెట్‌లో సిక్సర్ల లాంటి హోమ్ రన్లు కొట్టింది 117, అదీ అట్టడుగే. 71 గెలిచి 91 ఓడి, అయిదు జట్లున్న మా డివిజన్‌లో ఆఖరి స్థానంలో నిలిచాం. 12 గెలిచి 26 ఓడి ఉన్నప్పుడు, మే 8న, మేనేజర్ డెరెక్ షెల్టన్‌ను తీసేసి ఇక్కడి మనిషే అయిన డాన్ కెలీకి పగ్గాలు ఇచ్చారు. కెలీ వచ్చాక జట్టు 59-65తో కొంచెం ఊపిరి పీల్చుకుంది, ఆ మేరకు అతన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ కొట్టేవాడు లేనప్పుడు ఏ మేనేజరైనా ఏం చేస్తాడు?

ఓనీల్ క్రూజ్ సంగతి తీసుకోండి. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. మే 25న మిల్వాకీ మీద అతను కొట్టిన హోమ్ రన్ వేగం గంటకు 122.9 మైళ్లు. 2015లో ఈ వేగాలు కొలవడం మొదలుపెట్టాక అంత గట్టిగా ఎవరూ కొట్టలేదు. అలాంటివాడి సీజన్ సగటు .200, అంటే అయిదు ప్రయత్నాలకు ఒక్క హిట్. ఎడమచేతి పిచర్ వచ్చాడంటే చేతులెత్తేస్తాడు. అతన్ని అమ్మేయాలనేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. బేస్‌ల దొంగతనంలో (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) 38తో నేషనల్ లీగ్‌లో న్యూయార్క్ మెట్స్ ఆటగాడు హువాన్ సోటోతో సమానంగా మొదటి స్థానంలో ఉన్నాడు. అలాంటి కాళ్లు, అలాంటి చేతులు బజార్లో దొరకవు. ఎడమచేతి పిచర్లు ఉన్న రోజుల్లో అతనికి విశ్రాంతి ఇచ్చి, ఆ స్థానంలో ఆడగలిగే కుడిచేతి బ్యాటర్‌ను తెచ్చుకుంటే సరిపోతుంది. అంత చిన్న పని కూడా ఈ యాజమాన్యం చేయలేకపోయింది.

బ్రయన్ రెనాల్డ్స్‌తో 2023లో 106.75 మిలియన్ డాలర్లకు ఒప్పందం కుదుర్చుకున్నారు. అప్పటికి క్లబ్ చరిత్రలో అంత పెద్దది మరొకటి లేదు. ఈ ఏడాది అతను తన స్థాయిలో ఆడలేదు. అయినా అతని మీద నాకు కోపం లేదు. ముందూ వెనకా కొట్టేవాళ్లు లేనప్పుడు ఒక్కడి మీదే ఒత్తిడి పడుతుంది. ఆండ్రూ మెకచన్ అంటే ఈ ఊరికి ప్రాణం. జూన్‌లో అతను క్లబ్ హోమ్ రన్ల జాబితాలో అలనాటి దిగ్గజం రాబర్టో క్లెమెంటేను దాటిన రోజు చాలామంది కళ్లు చెమర్చాయి. కానీ 39 ఏళ్ల మెకచన్ ఇప్పటికీ మా బ్యాటింగ్‌కు దిక్కు కావడం అతనికి గౌరవమే కానీ క్లబ్‌కు కాదు.

జులై చివర్లో కెబ్రయన్ హేస్‌ను సిన్సినాటికి పంపేశారు. థర్డ్ బేస్‌లో అతని ఫీల్డింగ్‌కు సాటి లేదు, బ్యాట్ మాత్రం పలకలేదు, కాబట్టి ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకోగలను. మర్నాడే డేవిడ్ బెడ్నార్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చేశారు. ఈ పక్కనే మార్స్ అనే ఊళ్లో పెరిగిన కుర్రాడు, ఆఖరి ఇన్నింగ్స్‌లో బంతి పట్టుకుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడేది. ఆ నిర్ణయం ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

నా బాధంతా స్కీన్స్ కూడా అదే దారి పడతాడేమోనని. పిచర్ గెరిట్ కోల్‌ను మేమే పెంచాం, 2018 జనవరిలో హ్యూస్టన్‌కు ఇచ్చేశాం, 2023లో యాంకీస్ చొక్కాలో సై యంగ్ అందుకున్నాడు. మరో పిచర్ టైలర్ గ్లాస్నోను అదే 2018 జులైలో టాంపా బేకు ఇచ్చాం. ఈ నెల మొదట్లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టులో ఉండి మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఊరు నీళ్లు పోసి పెంచిన చెట్టు కాయలు పొరుగూరివాళ్లు కోసుకున్నట్టుంది మా బతుకు. స్కీన్స్ 2029 సీజన్ ముగిసేదాకా మా దగ్గరే ఉంటాడు, ఆ తర్వాత ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ల దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ వస్తుంది. ఈ సీజన్‌లో అతని జీతం మిలియన్ డాలర్లు కూడా కాదు. ఇంత చవకగా ఇంత గొప్ప పిచర్ చేతిలో ఉన్న ఈ నాలుగేళ్లలో డబ్బు ఖర్చు పెట్టకపోతే ఇంకెప్పుడు పెడతారు?

డబ్బు విషయంలో క్లబ్ చెప్పే సాకు నాకు తెలుసు. ఐపీఎల్‌లో హైదరాబాద్‌కైనా ముంబైకైనా పర్సు ఒకటే, పోయిన మెగా వేలంలో అందరికీ 120 కోట్లు. బేస్‌బాల్‌లో అలాంటి గీత లేదు. డాడ్జర్స్ జీతాలకే 300 మిలియన్లు దాటి పెడుతుంటే పైరేట్స్ వందకు లోపే ఆపేస్తారు. పైన గీత లేదు, కింద ఇంతైనా పెట్టాలన్న నిబంధనా లేదు. వ్యవస్థలో లోపం ఉంది, కాదనను. కానీ మా డివిజన్‌లోనే ఉన్న మిల్వాకీ, శివార్లతో కలిపి చూస్తే, మనకన్నా పెద్ద ఊరేమీ కాదు. వాళ్లు ఈ ఏడాది 97 మ్యాచ్‌లు గెలిచి మొత్తం మేజర్ లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచారు. చిన్న ఊరు కాబట్టి చేతకాదు అనే మాట ఇక చెల్లదు.

ఇదంతా ఒక ప్రైవేటు క్లబ్ గొడవ, మనకెందుకు అని కొందరు మిత్రులు అంటుంటారు. పైరేట్స్ ఆడే స్టేడియం పీఎన్‌సీ పార్క్ ఎవరి డబ్బుతో కట్టారో వాళ్లకు గుర్తు చేయాలి. 1997 నవంబరులో స్టేడియాల కోసం అమ్మకం పన్ను పెంచుదామా అని ఈ ప్రాంతంలోని 11 కౌంటీల జనాన్ని అడిగితే వద్దని ఓటేశారు. అయినా ‘ప్లాన్ బి’ పేరుతో మరో దారి వెతికి, అప్పటికే ఉన్న కౌంటీ అమ్మకం పన్నులో వాటానూ రాష్ట్రం సొమ్మునూ కలిపి కట్టారు. 2001లో తెరిచిన ఆ స్టేడియం ఇప్పటికీ ప్రభుత్వ సంస్థ ఆస్తే. ఇక్కడ హోటల్లో బిర్యానీ తిన్నా, షాపులో టీవీ కొన్నా బిల్లులో 7 శాతం పన్ను పడుతుంది. అందులో ఒక శాతం కౌంటీది. అంటే ఆ స్టేడియంలో అడుగు పెట్టని తెలుగు కుటుంబం కూడా దానికి డబ్బు కట్టింది. అడిగే హక్కు అందరికీ ఉంది.

అంత అందమైన మైదానం దేశంలో మరొకటి లేదని నేను నమ్ముతాను. మ్యాచ్ రోజుల్లో కార్లు ఆపేసిన పసుపుపచ్చ క్లెమెంటే వంతెన మీద పిల్లల్ని భుజాన ఎక్కించుకుని జనం నడిచి వస్తుంటారు. రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు 21 అడుగులు, క్లెమెంటే జెర్సీ నంబరు 21 కాబట్టి. 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో ప్రాణాలు విడిచిన మహానుభావుడాయన. ఈ ఏప్రిల్‌లో ఆ గోడ మీద ఆయన గుర్తు తీసేసి ఒక మద్యం కంపెనీ ప్రకటన పెట్టారు. ఆయన కొడుకు, అభిమానులు నిలదీస్తే పొరపాటైందని చెప్పి మళ్లీ పెట్టారు. సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్‌లోనే ‘సెల్ ద టీమ్’ (జట్టును అమ్మేయ్) అని స్టాండ్స్ హోరెత్తాయంటే యజమాని బాబ్ నట్టింగ్ ఆలోచించుకోవాలి.

మన దేశానికి ఈ క్లబ్‌తో ఒక సంబంధం కూడా ఉంది. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రింకు సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లతో ఒప్పందం చేసుకున్నది పైరేట్సే. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని పిల్లలకు అవకాశం ఇచ్చిన క్లబ్ ఇది. అందుకే దీన్ని వదులుకోబుద్ధి కాదు.

ఈ చలికాలంలో జరగాల్సింది స్పష్టంగానే కనిపిస్తోంది. మా దగ్గర పిచర్లకు కొదవ లేదు. మిచ్ కెలర్ ఉన్నాడు, ఆగస్టులో అరంగేట్రం చేసిన బబ్బా చాండ్లర్ ఉన్నాడు, మోచేతి ఆపరేషన్ నుంచి జారెడ్ జోన్స్ తిరిగి రావాలి. వీళ్లలో ఒకరిని ఇచ్చి అయినా నిలబడి కొట్టే బ్యాటర్‌ను తేవాలి, ఇంకొకరిని డబ్బు పెట్టి కొనాలి. కింది స్థాయి మైనర్ లీగ్స్‌లో .333 సగటుతో దుమ్ము రేపిన 19 ఏళ్ల కానర్ గ్రిఫిన్ సిద్ధమైన రోజున, సర్వీసు రోజులు (ఆటగాడికి జట్టు మారే స్వేచ్ఛ ఎప్పుడొస్తుందో తేల్చే లెక్క) లెక్కపెట్టకుండా పైకి పిలవాలి. స్కీన్స్‌ను ఇప్పుడే కూర్చోబెట్టి దీర్ఘకాల ఒప్పందం గురించి మాట్లాడాలి.

స్టేడియం లీజు 2030 దాకా ఉంది. పొడిగింపు మాట వచ్చినప్పుడు జట్టు మీద ఎంత ఖర్చు పెడతారో రాతపూర్వకంగా అడగాలని అలెగెనీ కౌంటీలోని తెలుగువాళ్లు తమ కౌన్సిల్ సభ్యులకు ఇప్పటినుంచే ఉత్తరాలు రాయాలని కోరుతున్నాను. నేను నా వంతు రాసి పంపాను.

ఇట్లు,
ఒక పైరేట్స్ అభిమాని,
పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా