స్టాక్‌హోంలో మా అమ్మాయికి తోడు నిలబడ్డ తల్లికి

మాది నరసన్నపేట. స్టాక్‌హోంలో పన్నుల ఆఫీసులో చంకలో చంటిదాన్ని పెట్టుకుని నిలబడ్డ మా అమ్మాయి ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని పలకరించారట, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారట. స్వీడన్‌లో గుర్తింపు నంబరు లేనిదే బ్యాంకు ఖాతా కూడా కష్టమే కదా, ఆ నంబరు కోసం ఆ ఆఫీసులో ఇవ్వాల్సిన ఫారం మీరే దగ్గరుండి నింపించారు. బిడ్డకి తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యం సెలవు ఉంటుందని, అందులో 90 రోజులు తండ్రివేనని, ఆయన వాడకపోతే పోతాయని మీరు చెప్పబట్టే మా అల్లుడు ఆఫీసులో అడిగాడు. ఇప్పుడు డైపర్లు ఆయనే మారుస్తున్నాడు, మా ఇంట్లో మగాళ్లు ఉయ్యాల ఊపడమే గొప్ప! స్వీడిష్ క్లాసులు ఉచితమనీ మీరే చెప్పారు. నా టెన్షన్ సగం తగ్గింది తల్లీ. ఇటు వస్తే మా ఇంటికి రండి, పలాస జీడిపప్పు కట్టిస్తాను.