మఖానా సీసా ఖాళీగా ఎందుకుందంటే

నల్లకుంట షాపులో కౌంటర్ మీది పెద్ద సీసా ఖాళీగా ఉందేమిటని వచ్చినవాళ్ళల్లా అడుగుతున్నారు. వాట్సాప్‌లోనూ అదే ప్రశ్న. అందరికీ కలిపి ఒకేసారి చెబుతున్నాం. ఆ సీసాలో ఉండే మఖానా, అంటే చెరువుల్లో పెరిగే ఒక మొక్క గింజను పేల్చి చేసేది, ఇప్పుడు లేదు. నెయ్యి మిరియాలదీ లేదు, పుదీనాదీ లేదు, కరివేపాకుదీ లేదు. దసరా దాటి కొత్త పంట వచ్చాకే మళ్ళీ పెడతాం. బజార్లో సరుకు దొరుకుతూనే ఉంది గానీ, అది మీకు పెట్టేలా లేదు.

మఖానా బీహార్‌లో మిథిల వైపు దర్భంగా, మధుబని, పూర్ణియా జిల్లాల చెరువుల్లో పండుతుంది. మిథిలా మఖానాకు 2022లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెరువు అడుగు నుంచి నల్లగింజలు ఏరి, ఎండబెట్టి, ఇనప మూకుట్లో వేయిస్తారు. రెండు మూడు రోజులు ఆగి మళ్ళీ వేయించి, వేడి మీదే చెక్కసుత్తితో కొడితే తెల్లగా పేలుతుంది. ఆ గింజ తీయడం మొదలయ్యేదే వానల్లో. కాబట్టి ఆషాఢంలో మన బజార్లో దొరికేదంతా నిరుడు పేల్చిందే. గాలి చొరకుండా దాచితే నిరుటి సరుకుకేమీ కాదు. మాకొచ్చిన మూటల్ని అలా దాచలేదు.

సైజును సూతల్లో చెబుతారు. ఒక సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మేం కొనేది ఆరు సూత. ఈసారి మూట విప్పితే పైన కనిపించిందంతా ఆరు సూతే. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తీస్తే నాలుగు సూత, సగమే పేలిన ఠుర్రీ, ఎర్రపొట్టు వదలని ముక్కలు వచ్చాయి. విరిస్తే లోపల పసుపు తిరిగి ఉంది. వాసన చూస్తే గోనెసంచి వాసన. పాత స్టాకులో మిగిలిన మంచి మఖానాను, దీన్ని ఒకే డబ్బాతో కొలిచి తూచాం. ఈసారి వచ్చిందే ఎక్కువ బరువు తూగింది. బాగా పేలిన మఖానా ఉబ్బి తేలిగ్గా ఉంటుంది, సగం పేలింది, చెమ్మ పట్టింది బరువు తూగుతుంది. అంటే మేం కిలో లెక్కన డబ్బు పోసి కొన్నది నీళ్ళనూ పొట్టునూ.

అయినా వేయించి చూశాం. సన్నసెగ మీద పది పన్నెండు నిమిషాలు వేగిన మంచి మఖానాను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పటుక్కున విరిగి పొడైపోతుంది. ఇది ఎంతసేపు వేగినా నొక్కితే అణిగి మళ్ళీ లేచింది. సెగ పెంచితే పైన మాడింది, నమిలితే థర్మాకోల్. కాస్త కరకరలాడిన గింజలు కూడా సీసాలో పోసిన పూటకే మెత్తబడ్డాయి, ఎందుకంటే లోపల మిగిలిన చెమ్మ మెల్లగా పైకొచ్చి ఎండిన పైపొరను మళ్ళీ నానబెడుతుంది.

బేగంబజార్‌లో మాకు సరుకిచ్చే హోల్‌సేల్ ఆయనకు ఫోన్ చేస్తే, "పెరీపెరీ మసాలా కొట్టెయ్ అన్నా, ఎవరికి తెలుస్తది?" అన్నాడు. సరుకు పాడైనదానికన్నా ఈ మాటకే ఎక్కువ మండింది. ఏ నెలా బాకీ పెట్టని షాపుకు దక్కిన మర్యాద ఇది. మూటలు వాపసు తీసుకుంటాడట, డబ్బు మాత్రం ఇవ్వడట, అదే గోడౌన్ నుంచి వేరే మూటలు పంపుతాడట. వద్దన్నాం. ఇక ఆయన దగ్గర మఖానా కొనం. కొత్త పంటకు వేరే వ్యాపారిని చూసుకుంటాం, మూట అడుగు నుంచి శాంపిల్ తీసి చూశాకే డబ్బిస్తాం. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

మసాలా కొట్టే దారి మాకు తెలియక కాదు. పెరీపెరీ పొడిలో ఉప్పు, కారం, పంచదార, సిట్రిక్ యాసిడ్ ఉంటాయి, చాలావాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ అనే, పిండిపదార్థం నుంచి తీసే పొడి కూడా. నాలుక ముందు పులుపూ కారమూ పట్టుకుంటుంది, గింజ రుచి దాకా పోదు. పాత సరుకు అమ్ముకోవడానికి అంతకన్నా సుళువైన ఉపాయం లేదు. మమ్మల్ని నిజంగా ఊగిసలాడించింది ఇంకో ఆలోచన: సెకండ్ రకం అని బోర్డు పెట్టి సగం ధరకు ఇచ్చేయడం. చెప్పి అమ్మితే మోసం కాదు కదా అని మా షాపులోనే ఇద్దరు వాదించారు. వాళ్ళ లెక్క న్యాయమే, షాపులో ఎక్కువ అమ్ముడుపోయేది మఖానాయే. కానీ బోర్డు షాపులో ఉంటుంది, ప్యాకెట్ ఇంటికి పోతుంది. పిల్లాడి స్కూల్ డబ్బాలో, ఆఫీసు టేబుల్ మీద దాన్ని తినేవాళ్ళకు కనిపించేది మా పేరే. మూటలు అలాగే కట్టి పక్కన పెట్టాం. నష్టం మాదే.

బదులుగా జొన్న పేలాలు పెడుతున్నాం. తొలి ఏకాదశికి పేలాల పిండి తిన్న ఇళ్ళకు కొత్తగా చెప్పేదేముంది. పేలాలకని విడిగా అమ్మే గట్టిగింజ జొన్నలు కిలో తీసుకుని, మూడు నాలుగు పెద్ద చెంచాల నీళ్ళు చిలకరించి, రాత్రంతా మూతపెట్టి ఉంచుతాం. పొద్దున బాగా కాలిన మందపాటి మూకుట్లో గుప్పెడు చొప్పున పోసి గుడ్డముడితో కదుపుతాం. ఒకేసారి ఎక్కువ పోస్తే మూకుడు చల్లారి సగం గింజలు పేలవు. పేలనివి జల్లెడ పట్టి తీసేస్తాం, లేకపోతే పన్ను విరుగుతుంది. రుచికి మఖానా కన్నా ఇదే మేలని మా అభిప్రాయం. పొట్టు మాత్రం పళ్ళల్లో ఇరుక్కుంటుంది, ఆ ఇబ్బంది ఉంది.

ప్రొటీన్ కోసమే మఖానా తింటున్నామనేవాళ్ళకు ఒక మాట. నూరు గ్రాముల మఖానాలో ప్రొటీన్ పది గ్రాముల లోపే. పుట్నాల్లో దానికి రెట్టింపు, ధరలో నాలుగో వంతు కూడా ఉండదు.

మీలో కొందరు అడిగారని బజార్లో బాగా పోతున్నవి కూడా తెప్పించి రుచి చూశాం. రాగి చిప్స్ ప్యాకెట్ వెనక చదవండి, పదార్థాలు బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి వరసగా రాయాలి. మేం చూసినవాటిలో బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, నూనె అయ్యాక గానీ రాగి రాలేదు. రాగిలో గ్లూటెన్ ఉండదు, మరిగే నీళ్ళతో కలపకపోతే పిండి విరిగిపోతుంది, అందుకే ఈ కలుపుడు. ప్రొటీన్ బార్లు మింగాక నాలుక మీద చేదు ఉండిపోతుంది, చక్కెరకు బదులు మాల్టిటాల్ అనే తీపి వేసినవి రెండు తింటే కడుపు ఉబ్బుతుంది. 'షుగర్ లేదు' అని రాసిన ఖర్జూరం బార్ రుచి బాగుంది, కానీ నూరు గ్రాముల ఎండు ఖర్జూరంలో అరవై గ్రాములకు పైనే చక్కెర. షుగర్ ఉన్నవాళ్ళకు దాన్ని మేం అమ్మం. సజ్జ అప్పాలు మాత్రం పిండి పట్టించిన రోజే చేస్తాం, సజ్జపిండి నాలుగు రోజులు నిలవుంటే చేదెక్కుతుంది.

మఖానాకు అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా అంత విలువకు వేరేవి తీసుకోవచ్చు. బిల్లు లేకపోయినా ఫోన్ నంబరు చెబితే చాలు.

మా దగ్గర ఇంతకు ముందు కొన్న మఖానా వానకు మెత్తబడితే పారేయకండి. నెయ్యి వేయకుండా సన్నసెగ మీద ఆరేడు నిమిషాలు వేయించి, పళ్ళెంలో పూర్తిగా చల్లారాక సీసాలో పోయండి. వేడి మీద మూత పెడితే ఆవిరికి మళ్ళీ మెత్తబడుతుంది. నూనె ముక్కిన వాసన వస్తుంటే మాత్రం వేయించినా లాభం లేదు, ఆ సీసా షాపుకు తెచ్చి పేలాలు పోయించుకుపోండి.