కాగితాలు తడవనివ్వకు

ఉద్దానం,
అక్టోబరు 9, 2025

చి. చిన్నికి,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. తలచుకోవడమే, ఫోన్ ఎత్తితే కదా తెలిసేది. సరేలే, గొడవ పెట్టుకోవడానికి కాదు ఈ ఉత్తరం. ఊరికే రాయాలనిపించింది, రాస్తున్నాను.

నల్లావు ఈనింది. పెయ్యదూడ, నుదుటి మీద తెల్లమచ్చ. మీ అమ్మ జున్ను వండి సీతప్ప వాళ్లకి, కొండబాబు వాళ్లకి పంపి, నీ వాటా అని ఒక గిన్నెడు ఫ్రిజ్‌లో దాచింది. నాలుగో రోజుకి నేనే తినేశాను. పాడైపోయాక పారబోసే కంటే నయం కదా అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దసరా పూట పట్టిన వానకి తిత్లీ తుఫాను తర్వాత పెట్టిన కొబ్బరి మొక్కల్లో రెండు వాలిపోయాయి. కర్రలు పాతి తాడు కట్టాను, నిలబడేలాగే ఉన్నాయి. ఎల్లుండికి తిత్లీ వచ్చి ఏడేళ్లు. ఆ తెల్లవారుజామున రేకులు ఎగిరిపోతుంటే నువ్వు మంచం కిందకి దూరి పుస్తకాల సంచి పట్టుకుని కూర్చున్నావు. మేం మాత్రం పాస్‌బుక్కుల సంగతే మర్చిపోయాం. తరవాత వారం రోజులు వాటిని ఒక్కో పేజీ విడదీసి ఎండబెట్టాం, గుర్తుందా? ఆఫీసులో ఆ మరకల పాస్‌బుక్కు చూపిస్తే ఇప్పటికీ ఒకసారి ఎగాదిగా చూస్తారు.

వాన అంటే గుర్తొచ్చింది. సెప్టెంబరు 23న కలకత్తాలో రోడ్ల మీద నీళ్లు నిలిచి, కరెంటు షాకు కొట్టి మనుషులు పోయారని టీవీలో చూపించారు. ఆ రోజు నీకు పదకొండుసార్లు చేశాను. సాయంత్రం ‘సేఫ్ నాన్నా’ అని రెండు మాటలు పెట్టావు. ఆ తర్వాత ఇప్పటికి పదహారు రోజులు. దసరాకి ఒక ఫొటో పంపావు, అందులో దుర్గమ్మ ఉంది, జనం ఉన్నారు, నువ్వు లేవు. నీళ్లలో నడవాల్సి వస్తే స్తంభాల పక్క నుంచి వెళ్లకు. షాపుల ఇనప షట్టర్లు ముట్టుకోకు. రబ్బరు చెప్పులు వేసుకో. ఆ తోలు చెప్పులు వానకి పనికిరావని కొన్ననాడే చెప్పాను.

నిన్ను వెళ్లవద్దని నేను అనలేదు. అన్నానా? మీ అమ్మ ఏడుస్తుంటే కూడా, ఏడాదే కదా అని నేనే సర్దిచెప్పాను. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే పని అన్నావు. నాకు సగమే అర్థమైంది గాని, నువ్వు ఆ మాట చెప్పినప్పుడు నీ మొహం చూశాను. మూడేళ్లలో కాలేజీ గురించి చెప్పేటప్పుడు ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. అందుకే ఊరుకున్నాను. బెంగళూరో హైదరాబాదో అంటే జనానికి చెప్పుకోవడం తేలిక. కలకత్తా ఏమిటి అని అందరూ అడుగుతారు. ప్రాజెక్టు అని చెబుతున్నాను. ప్రాజెక్టు అంటే ఇంకెవరూ రెండో ప్రశ్న వెయ్యరు, మంచి మాట దొరికింది.

మొన్న కాశీబుగ్గ బస్టాండు దగ్గర రాంబాబు కలిశాడు. వాళ్ల గౌరి నీ కాలేజీయే కదా. టీ తాగుతూ, ‘మీ చిన్ని టీసీ తీసేసుకుందట కదా బావా’ అన్నాడు. లేదు, ప్రాజెక్టు అన్నాను. ‘అలాగా’ అన్నాడు. రాంబాబు ‘అలాగా’ అంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు. టీ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు, అది ఇంకా బాధ.

వాడి మాట నేను నమ్మలేదు. వాడు నోరు తెరిస్తే ఎప్పుడూ ఇంతే, మీ పెద్దమావ పెళ్లప్పుడు కూడా ఇలాగే చేశాడు. కాబట్టి నిన్ను అడగడం లేదు. చెప్పానంతే.

పార్వతీశం మాస్టారు దగ్గరకి వేరే పని మీద వెళ్లాను. మాటల్లో మాటగా అడిగితే, ఆయన కంప్యూటర్లో మీ యూనివర్సిటీ రూల్సు తీసి, నాకోసం నాలుగు కాగితాలు ప్రింటు కూడా ఇచ్చారు. ఊరికే మానేయడం వేరు, అనుమతితో ఆగడం వేరు అట. ఆగాలంటే దరఖాస్తు రాసి ప్రిన్సిపాల్‌కి ఇస్తే ఆయన పైకి పంపాలట. బీటెక్కు మొత్తం ఎనిమిదేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చట. మళ్లీ చేరినప్పుడు ఏ బ్యాచ్‌తో చేరితే ఆ బ్యాచ్ రెగ్యులేషనే నీకూ వర్తిస్తుందట, మారిన సబ్జెక్టులుంటే అవి కూడా రాయాలట. ఇప్పుడు ఏబీసీ, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, అని ఒకటి ఉందట కదా, బ్యాంకులో డబ్బు వేసినట్టు నీ క్రెడిట్లు అందులో జమై, ఏడేళ్ల దాకా చెల్లుతాయట. మొత్తం 160 క్రెడిట్లలో మూడేళ్లవి నీవి ఉంటాయి కదా, పోయి ఎక్కడికి పోతాయి అన్నారు మాస్టారు. నాకు చాలా ధైర్యం వచ్చింది. హాజరు 75 శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటు రాదన్న సంగతి మాత్రం ఆయన చివర్లో చెప్పారు, నేను లేచి చెప్పులు వేసుకున్నాక. అదేం పరవాలేదు, చూసుకుందాం. జీడిపిక్కలు ఇంకా ఆరు బస్తాలు అమ్మకుండా ఉంచాను. 80 కిలోల బస్తాకి రేటు కాస్త పెరిగితే తీస్తాను. డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాలి. నేను డిగ్రీ ఎందుకు పూర్తి చెయ్యలేదని నువ్వు తొమ్మిదో తరగతిలో అడిగావు. తాతకి ఒంట్లో బాగోక మానేశానన్నాను. మీ అమ్మకీ అదే తెలుసు. ఊరందరికీ అదే తెలుసు. అది నిజం కాదు.

1993లో నేను సిక్కోల్లో బీకాం రెండో ఏడాది. అప్పలస్వామి పెద్దనాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేసేవారు కదా. ఖలాసీ పోస్టులు పడతాయి, ఇక్కడుంటే చూద్దాం అని ఎవరితోనో కబురు పెట్టారు. నవంబరులో ఒక రాత్రి హాస్టల్లో ఎవరికీ చెప్పకుండా బయలుదేరి, పలాసలో మెయిలెక్కాను. జేబులో పరీక్ష ఫీజుకని తాత ఇచ్చిన డబ్బు. ఖరగ్‌పూర్లో దిగితే ప్లాట్‌ఫామ్ ఎంతకీ అవ్వదు. ప్రపంచంలోకెల్లా పొడుగైనది అదేనని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. దాని మీద నడుస్తుంటే నా వెనక ఊరూ కాలేజీ చిన్నవైపోయినట్టు అనిపించింది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది.

పోస్టులు పడలేదు. గోల్‌బజారులో ఒక తెలుగాయన టిఫిన్ హోటల్లో కుదిరాను. రాత్రి ఇడ్లీ పిండి రుబ్బి, తెల్లవారుజామున మూడింటికి లేవాలి. చేతులు పగిలి, మినప్పొట్టు ఇరుక్కుని మండేవి. అయినా ఐదింటికి మొదటి వాయి దించి, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, షిఫ్టుకి వెళ్లే సైకిళ్లు వందల కొద్దీ గంటలు కొట్టుకుంటూ పోయేవి. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా అన్నీ ఒక్క బల్ల మీదే వినపడేవి. నాకు బెంగాలీ అలా వచ్చింది. మీ ఇంటి ఓనరమ్మతో ఫోన్లో నేను మాట్లాడితే నువ్వు నోరు తెరిచి చూశావట కదా, ఆవిడ చెప్పింది. అంటే ఆవిడ ఫోన్ ఎత్తుతుంది, గమనించు.

ఇంటికి ఒక్క ఉత్తరం రాయలేదు. రేపు రాద్దాం, ఉద్యోగం వచ్చాక రాద్దాం అని. రాయని రోజులు పెరిగేకొద్దీ మొదటి వాక్యం ఏం రాయాలో తెలిసేది కాదు. పెద్దనాన్న రాశారేమో అని నేను, నేను రాశానేమో అని ఆయన.

ఏప్రిల్లో తాత వచ్చాడు. ఏప్రిల్ అంటే తెలుసు కదా, పిక్కలేరే రోజులు. ఆ రోజుల్లో తోట విడిచి తాత పెళ్లిళ్లకి కూడా వెళ్లేవాడు కాదు. అడ్రసు లేదు, పెద్దనాన్న క్వార్టరు మారిపోయారు. ప్లాట్‌ఫామ్ ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ, తెలుగు వినపడిన చోటల్లా ఆగి, ‘మా గుంటడిని చూశారా’ అని అడిగాడట. పేరు చెప్పి అడగాలని కూడా తోచలేదు. ఎవరో మథురాకాటి వైపు పంపారు, అక్కడ ఇంకెవరో బజారుకి పంపారు. హోటల్ ముందుకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చేతిలో సంచి. అందులో జీడిమామిడి పళ్లు, నాకిష్టమని. చెట్టు మీంచి దించినవి రోజు కూడా ఆగవని తాతకి తెలియదా? అన్నీ చితికి, పులిసి, రసం కారి తెల్లపంచె తొడ దగ్గర్నుంచి మోకాలి దాకా మరకైపోయింది. జీడి మరక పోదు. ఈగలు ముసురుతున్నాయి. హోటలాయన ఎవరో బిచ్చగాడనుకుని పక్కకి పొమ్మన్నాడు.

తాత నన్ను తిట్టలేదు. లోపల కూర్చోబెట్టి రెండిడ్లీ పెట్టాను. తిని, ‘పిండి నువ్వే రుబ్బావా’ అన్నాడు. అవునన్నాను. ‘ఉప్పు చాల్లేదు’ అన్నాడు. ఆ రాత్రి బండికే ఇద్దరం వచ్చేశాం.

కాలేజీకి వెళ్తే, ఫీజు కట్టలేదు, హాజరు లేదు, పేరు కొట్టేశామన్నారు. అక్కడి గుమస్తా, పెద్దాయన, తాతని కూర్చోమని చెప్పి, ‘వెళ్లే ముందు ఒక్క దరఖాస్తు రాసిచ్చి వెళ్తే ఏదోలా చూసేవాళ్లం కదయ్యా’ అన్నాడు. ఒక్క తెల్లకాగితం. బయటికొచ్చి తాత బస్సు ఎక్కేదాకా ఏం మాట్లాడలేదు. మన ఊళ్లో దిగగానే రావిచెట్టు కింద కూర్చున్నవాళ్లు అడిగితే, ‘నాకే ఒంట్లో బాగోక రప్పించాను’ అన్నాడు. రాయిలాంటి మనిషి. ఆ మాట నిలబెట్టడానికి నెల రోజులు మందుసీసా అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇదంతా ఎందుకు రాశానో నాకే తెలియదు. కరెంటు పోయింది, తోచక రాశాననుకో. నిన్ను నాతో పోల్చడం లేదు. నువ్వు చెప్పి వెళ్లావు, నీ చేతిలో పనుంది. కాకపోతే పనుంది కదా అని రాత్రుళ్లు మేలుకుని బొమ్మలు వెయ్యకు. కళ్లజోడు పవర్ చూపించుకుని ఏడాదైంది. ఆ లైటు ఎడమ వైపు పెట్టుకో, కుడి చేత్తో వేసేవాళ్లకి నీడ పడదు. ఆవనూనె వంటలు నీ కడుపుకి పడతాయో లేదో, వాసన చూసి తిను. నీళ్లు కాచి తాగు. నీళ్ల విషయంలో మన ఊరివాళ్లం అజాగ్రత్తగా ఉండకూడదు. అమ్మకి మొన్న పలాస కిడ్నీ ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయించాను. కంగారు పడేదేం లేదన్నారు. నిజంగానే అన్నారు, కాగితం ఫొటో తీసి పంపుతాను.

ఈ ఉత్తరం రిజిస్టరు చేద్దామనుకుంటే, ఇప్పుడు రిజిస్టరు పోస్టు లేదు, స్పీడ్ పోస్టులో కలిపేశారన్నాడు పోస్టుమాస్టరు. సంతకం పెట్టి తీసుకోవాలి, ఇంట్లో ఉండు. ఫోన్లో అయితే ‘సరే నాన్నా’ అని పెట్టేస్తావు, ఉత్తరానికి మధ్యలో అడ్డం రాలేవని రాశాను. నువ్వు జవాబు ఉత్తరమే రాయాలని లేదు. రెండు ముక్కలు వాట్సాపులో పెట్టినా చాలు. ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు పెట్టు. ఇంట్లో ఏం చెప్పాలో, రాంబాబుకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను, ఆ పని నాకు వచ్చు.

పెద్దనాన్న మనవడు శ్రీను ఇప్పుడు ఖరగ్‌పూర్లోనే ఉన్నాడు. రేపు ఇక్కడి నుంచి వెళ్తున్నాడు, ఆదివారం లోకల్లో వచ్చి పార్సిల్ ఇచ్చి వెళ్తాడు. అన్నం పెట్టి పంపు. అందులో జీడిపప్పు రెండు కిలోలు, ఒకటి నీకు, ఒకటి ఓనరమ్మకి. చోడిపిండి, కొబ్బరి లౌజు, చింతకాయ పచ్చడి. పచ్చడి సీసాకి గుడ్డ కట్టి మైనం పోశాను, చాకుతో గీకి తియ్యి, పంటితో లాగకు.

నువ్వుండేది కింద గది కదా, నీళ్లు వచ్చేవి ముందు అందులోకే. నీ టెన్తు మెమో, ఇంటరు మెమో, ఇంకా కాలేజీలో ఇచ్చిన ఒరిజినల్సు ఏవైనా ఇప్పుడు నీ దగ్గర ఉంటే, నేల మీద పెట్టెలో పెట్టకు, అలమర పై అరలో పెట్టు. ఉంటేనే అంటున్నాను. ఇంట్లో నీ పాత ఫైలు, ఆ నీలం రంగు జిప్పుది, ఖాళీగా ఉంటే తుడిచి పార్సిల్లో వేశాను. జీడిపప్పు పొట్లాల కింద ఉంటుంది, చూసుకో.

నాన్న