చేతికి ఎక్స్‌రే తీయించిన డాక్టరమ్మకు, ఆ రాత్రి మేల్కొన్న సిస్టర్‌కు

నిన్న ఉదయం అమ్మ చేతికర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్లి కరివేపాకు తుంచుకొచ్చింది. నాలుగు నెలల తర్వాత తనంతట తాను నడిచింది. ఆ రెబ్బ చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

మూడేళ్లుగా అమ్మకు ఒళ్లంతా నొప్పులు. రెండుసార్లు కిడ్నీలో రాళ్లు. విపరీతమైన దాహం, దిగులు. ఒక్కోదానికి ఒక్కో డాక్టర్ దగ్గరికి తిప్పాం. ఎముకలు బలహీనమన్నారని కాల్షియం మాత్రలు నేనే దగ్గరుండి మింగించాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. చివరికి ఒకరోజు గుమ్మం దాటుతూ కూలబడింది. తొడ ఎముక విరిగింది.

రాడ్ వేయడానికి అంతా సిద్ధమయ్యాక, ఎముకల వార్డులోని పీజీ డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, "రాళ్లు ఎప్పుడు పడ్డాయమ్మా?" అని అడిగారు. విరిగింది కాలైతే చేతులకు ఎక్స్‌రే తీయించారు. ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి నాకు చూపించారు. చూపుడు వేలు, మధ్య వేలు ఎముకల అంచు ఎలుక కొరికినట్టు ఉంది. రక్తంలో కాల్షియం 13.1 వచ్చింది, పదిన్నర దాటకూడదట. 65 లోపు ఉండాల్సిన పారాథైరాయిడ్ హార్మోన్ వెయ్యి దాటింది.

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటం వాటి పని. అమ్మకు వాటిలో ఒకటి కుంకుడుకాయంత పెరిగి, ఎముకల్లోని కాల్షియాన్ని రాత్రింబవళ్లు తోడి రక్తంలో పోసింది. ఎముకలు గుల్లబారాయి, కిడ్నీల్లో రాళ్లు కట్టాయి. మేము ఇన్నాళ్లు వేర్వేరు జబ్బులనుకున్నవన్నీ అక్కడి నుంచి వచ్చినవే. డాక్టరమ్మా, మీరు ఆ పూట కూర్చుని అడగకపోయి ఉంటే రెండో కాలు కూడా విరిగేది.

ముందు సెలైన్లతో కాల్షియం తగ్గించి, కాలికి రాడ్ వేసి, ఆ తర్వాత మెడ ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. గండం గడిచిందనుకున్నాం.

రెండో రాత్రి రెండు గంటలకు పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని అమ్మ అంది. నీరసమేమో, పడుకోమన్నాను. నైట్ డ్యూటీ సిస్టర్ ఆ మాట విని పరుగున వచ్చారు. చెవి ముందు వేలితో చిన్నగా తట్టారు. అమ్మ పెదవి చివర ఠక్కున అదిరింది. రక్తంలో కాల్షియం బాగా పడిపోయిందనడానికి అది గుర్తట. వెంటనే డాక్టర్‌ను పిలిపించి, కాల్షియం నరంలోకి మెల్లగా ఎక్కిస్తూ, తెల్లవారేదాకా గుండె మానిటర్ దగ్గర నిలబడ్డారు. "ఎముకలు ఆకలితో ఉన్నాయి, పోగొట్టుకున్నదంతా ఒక్కసారిగా లాగేసుకుంటున్నాయి" అని నాకు అర్థమయ్యేలా చెప్పారు.

అంబులెన్స్ రాక ముందే కారు తీసిన పక్కింటి బాబాయి గారికి, డబ్బు సర్దిన మా ఆఫీసు మిత్రులకు, రక్తం ఇచ్చిన ఇద్దరు తమ్ముళ్లకు పేరుపేరునా నమస్కారాలు.

సిస్టర్, వచ్చే సోమవారం చెకప్‌కు వస్తున్నాం. అమ్మ మీ కోసం సున్నుండలు చుడుతోంది. మీకు రాత్రి డ్యూటీ అయితే అప్పటిదాకా కూర్చుంటానంటోంది.