దూబగుంట అమ్మల గొంతులకు మన యూనివర్సిటీలో చోటివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడి నమస్కారాలు.

కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జిల్లా పాత ఫొటోలు, ఆడియో, వీడియో రికార్డుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం మంజూరు చేయమని కోరుతున్నాను. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటే కుదిరే పని కాదిది.

కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ కథ అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. 1992 నాటికి సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా అంటుకుంది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దీనిమీద వ్యాసాలు బోలెడు వచ్చాయి. కానీ ఆ రోజు కొట్టు దగ్గరికి ఎలా వెళ్లారో, ఇంటికొచ్చాక మొగుడు ఏమన్నాడో ఆ అమ్మలే తమ యాసలో చెబితే వినాలి. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు. ఉద్యమం నాటికి ముప్పై, నలభై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై, డెబ్బై దాటాయి.

మనుషుల సంగతి అలా ఉంటే, క్యాసెట్ల సంగతి ఇంకా కష్టంగా ఉంది. ఆ కాలపు సభల వీడియో క్యాసెట్ ఒకటి మిత్రుడి ఇంట్లో చూశాను. ప్లాస్టిక్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి బూజు. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, తర్వాత పెట్టిన క్యాసెట్లకూ పాకుతుంది. శుభ్రం చేయడం తెలిసిన చేయి కావాలి. పైగా ఆడించే మిషన్లే దొరకడం లేదు. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. 2025లోగా డిజిటల్‌లోకి ఎక్కించని మాగ్నెటిక్ టేపులు చాలావరకు చేజారినట్టేనని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది.

ఫొటోలదీ అదే గతి. 2021 నవంబర్‌లో పెన్న వరద ఇళ్లలోకి వచ్చింది. తడిసిన ఆల్బమ్‌లలో ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, బలవంతంగా విడదీస్తే ముఖాలు ఊడొస్తాయి. స్టూడియోల నెగటివ్‌లు ఇంకో కథ. కవరు మీద పెన్సిల్‌తో రాసిన నంబరు ఉంటుంది, ఆ నంబరు ఎవరిదో చెప్పే రిజిస్టరును చెదలు తినేసి ఉంటాయి. పేరు, ఊరు, ఏడాది తెలియని ఫొటో చరిత్రకు సగమే ఉపయోగం. అందుకే స్కానింగ్ కంటే ముందు, ఫొటోల్లో ఉన్నవాళ్లను గుర్తుపట్టే పెద్దవాళ్ల పక్కన కూర్చుని రాసుకోవాలి.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ దక్షిణాసియా కేంద్రం మన దేశంలో ఉన్న దొరలు ఇంట్లో సరదాగా తీసుకున్న సినిమాలను, వాళ్ల జ్ఞాపకాల రికార్డింగులను భద్రపరిచి అందరికీ ఉచితంగా చూపిస్తోంది. దొరల పిక్నిక్కులకు అక్కడ దొరికిన గౌరవం దూబగుంటకు ఇక్కడ దొరకాలని అడగడం అత్యాశ కాదు.

కొత్త భవనం అడగడం లేదు. చెమ్మ లేని ఒక గది చాలు. సెలవుల్లో కూడా ఏసీ ఆగకూడదు. రాత్రి ఆపి పొద్దున వేస్తే ఆ ఎగుడుదిగుడే ఫిల్ముకు ఎక్కువ చేటు. పనిచేసే పాత మిషన్లు, వాటిని నడిపే టెక్నీషియన్ పోస్టు కావాలి. అది కాంట్రాక్టు పోస్టు మాత్రం కావద్దు, పని నేర్చుకున్న మనిషి ఏడాదికి వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తాం. తుఫాన్ల జిల్లా మాది కాబట్టి డిజిటల్ కాపీ ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. డబ్బుకు, పాడైపోయే ప్రమాదంలో ఉన్న పాత రికార్డులను కాపాడే బ్రిటిష్ లైబ్రరీ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ లాంటివి ఉన్నాయి. 2004 నుంచి గ్రాంట్లు ఇస్తున్నారు, అసలు ప్రతులు మన దేశం దాటవు.

ఇంకో మాట. కాపీ తీసుకుని ఫొటో, క్యాసెట్ ఆ ఇంటికే తిరిగి ఇచ్చేయాలి. లేకపోతే ఎవరూ బీరువా తెరవరు. తాను చెప్పింది బయటపెట్టొద్దని ఏ అమ్మ అన్నా ఆ మాటే చెల్లాలి.

గది, పోస్టు వచ్చేదాకా ఇంటర్వ్యూలు ఆగనక్కర్లేదు. చరిత్ర, తెలుగు, జర్నలిజం పీజీ విద్యార్థులకు ఇదే ప్రాజెక్టుగా ఇచ్చి, ఈ సెమిస్టర్‌లోనే కలిగిరి మండలం నుంచి మొదలుపెట్టమని వైస్ చాన్సలర్ గారికి ఒక్క మాట చెప్పండి. ఊళ్లు, ఇళ్లు తెలిసినవాళ్లం తోడు వెళ్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు, నెల్లూరు